ఫ్లీస్‌కి సవతి

ఆ వేసవిలో మా ఆయనకి ఇంకో పబ్బు తగులుకుంది. ఆడమనిషి తగులుకుని ఉంటే వెళ్ళి జుట్టు పట్టుకుని తేల్చుకునేదాన్ని. పబ్బుని ఏం పట్టుకుంటాం?

మా పబ్బు పేరు ఫ్లీస్. హోల్మ్‌రాయిడ్‌లో పాత ఉన్ని మిల్లు దగ్గర్నుంచి కొండ మీదికి ఎక్కే వీధిలో మొదటి మలుపు. మా అమ్మ తర్వాత లైసెన్సు నా పేరు మీదికి వచ్చి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. పైన కౌంటరు నాది, కింద నేలమాళిగ రోలండ్‌ది. పెళ్ళయిన కొత్తలో గీసుకున్న ఆ గీత ఇద్దరం ఎప్పుడూ దాటలేదు. పీపాలోనే పులిసి, పీపాలోనే తేరుకుని, చేతిపంపుతో పైకి లాగి పోసే ఏల్ అనే బీరంటే రోలండ్‌కి ప్రాణం. నేను మాత్రం బీరు ముట్టను. పుట్టడమే పబ్బులో పుట్టాను, మిఠాయి కొట్టువాడికి తీపి వెగటైనట్టు నాకు చిన్నప్పుడే ఆ వాసన వెగటైపోయింది.

రోజూ పొద్దున్న పదిన్నరకి రోలండ్ కౌంటరు దగ్గరికి వచ్చి, గొట్టంలో రాత్రంతా నిలిచిన బీరు పారబోసి, ఆ తర్వాతి గ్లాసుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు. "చూడు గ్లెనిస్" అనేవాడు. నేను గుడ్డతో బల్లలు తుడుస్తూ "చూశాన్లే" అనేదాన్ని. ఇరవై ఆరేళ్ళు అలాగే గడిచింది.

ఆ చలికాలం రోలండ్ ఏల్ సంఘంలో చేరాడు. వసంతం రాగానే ఆ సంఘంవాళ్ళు శనివారాలు చిన్న బస్సు కట్టించుకుని బహుమతులొచ్చిన పబ్బులు చూడటానికి బయల్దేరారు. తీర్థయాత్ర అన్నమాట. గుడికి పోయేవాడైనా ఆదివారం పోతాడు. మా ఆయన సరిగ్గా శనివారం మధ్యాహ్నం, నాకు ఊపిరాడని వేళ చూసుకుని పోయేవాడు. సంఘం కార్యదర్శి మాల్కమ్ అని, మీసాల మీద నురుగు తుడుచుకోవడం కూడా తెలియని మనిషి, వాకిట్లో నిలబడి హారను కొట్టించేవాడు.

ఏప్రిల్ మొదటి శనివారం థోర్న్‌బెక్‌లో కాలవ ఒడ్డున ఉన్న హెరన్ అనే పబ్బుకి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చిన మనిషి కోటు కూడా విప్పలేదు.

"ఆ బీరుంది చూశావూ, గ్లెనిస్, గాజు ఎక్కడ అయిందో బీరు ఎక్కడ మొదలైందో తెలియదు. అంత తేట!"

"మన దగ్గర తేట కాదా?"

"ఎందుక్కాదు. కానీ అక్కడివాళ్ళకి తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

"తాగేదేమిటో."

పొరుగింటి పుల్లకూర రుచి అనుకుని ఊరుకున్నాను. కానీ ఆ తర్వాతి శనివారం వేరే ఊరు వెళ్ళొచ్చి కూడా హెరన్ మాటే ఎత్తాడు. అక్కడ గోడ మీద తొమ్మిది బహుమతి పలకలున్నాయట, ఒక్కొక్కటీ ఒక్కో ఏడు గెలిచినది. దాన్ని నడిపే ఆవిడ పేరు ఇమోజెన్ అట. ఆమె ఒక గుక్క తాగి, పీపా ఎన్ని రోజుల క్రితం తెరిచారో చెప్పేస్తుందట. బంగాళాదుంపలు ఒలుస్తున్నవాడు ఒలుస్తూ ఒలుస్తూ ఆగి ఆ పేరు చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. పైకి మాత్రం "తొక్క మందంగా తీస్తున్నావు" అనేదాన్ని.

మా గోడ మీద పలకలు లేవు. కౌంటరు వెనక మేకులకి పద్నాలుగు ఇళ్ళ తాళంచెవులు వేలాడుతుంటాయి, వీధిలో ఎవరు తాళం పోగొట్టుకున్నా మా దగ్గరికే వస్తారు. రంగుల అద్దకం పనిచేసి రిటైరైన ఎన్నిస్ క్రాబ్‌ట్రీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరని, తలుపులు తీయకముందే వెనక గుమ్మం గుండా వచ్చి కిటికీ పక్కన పేపరుతో కూర్చుంటాడు. ఎదురింటి డోరీన్ కుళాయి కారినా, గేటు ఊడినా "రోలండ్‌ని పంపవే" అని కేకేస్తుంది. ఎవరు పోయినా తర్వాత టీలు, శాండ్‌విచ్‌లు మా దగ్గరే. వీటికి ఎవరైనా పలకలిస్తారా అని ఓసారి రోలండ్‌ని అడిగాను.

"ఇవ్వరు" అన్నాడు. "ఇవ్వాలంటావా?"

"నాకేం అక్కర్లేదు."

"మరి అడిగావుగా" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేదు.

ఏప్రిల్ చివర్లో వానపడుతున్న ఓ బుధవారం మధ్యాహ్నం పసుపుపచ్చ వానకోటు వేసుకున్నావిడ ఒకతె వచ్చింది. నలభై అయిదు దాటవు. బిట్టర్ అనే మా చేదు ఏల్ ఒక హాఫ్, అంటే అర పింటు, అడిగి, ఆ గ్లాసుని కిటికీ వైపు ఎత్తి చూసి, మెల్లగా పావుగంట తాగింది.

"దీన్నెవరు చూసుకుంటారండీ?" అని అడిగింది.

"మా ఆయన. ఇప్పుడు లేడు, ఎదురింటి కుళాయి బాగుచెయ్యడానికి పోయాడు."

"కుళాయా!" అని నవ్వింది. నవ్వడానికేముందో నాకర్థం కాలేదు. గ్లాసు కడుగుదామని తీస్తే అడుగున చుక్క కూడా మిగల్లేదు.

మే నెలంతా రోలండ్ నేలమాళిగకి సున్నం కొట్టాడు. గొట్టాలు రెండేసిసార్లు కడిగాడు. ఈలలు కూడా వేశాడు. నాకు ఈలలే ఎక్కువ గుచ్చుకున్నాయి, నా పక్కన కూర్చున్నప్పుడు ఈల వేసిన మనిషి కాదు. ఆఖరికి నెల చివర బయటపెట్టాడు. ఏల్ సంఘం ఆ ఏటి మేటి పబ్బు ఎంపికలో ఫ్లీస్‌ని ఆఖరి నాలుగింటిలోకి తీసుకుందట. జూలై రెండో శనివారం రుచి చూసి మార్కులు వెయ్యడానికి వస్తారట.

"ఎవరు పంపారు మన పేరు?" అన్నాను.

"నేనే."

"ఎవర్నడిగి?"

"బీరు నాదే కదా, గ్లెనిస్" అన్నాడు. పబ్బు నాది అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

జూన్‌లో ఓ మంగళవారం పంటి డాక్టరు దగ్గరికని చెప్పి థోర్న్‌బెక్ బస్సెక్కాను. సవతిని చూడటానికి పోయే ఆడదాని అవస్థే నాది. మంచి బ్లౌజు వేసుకున్నాను, బస్సులో రెండుసార్లు లిప్‌స్టిక్ తుడిచి మళ్ళీ రాసుకున్నాను. హెరన్ బాగోదేమోనని ఆశ. బాగుంది. నేల అద్దంలా ఉంది, కిటికీలోంచి కాలవ కనిపిస్తోంది, తొమ్మిది పలకలూ తళతళలాడుతున్నాయి. కూర్చున్న ఏడెనిమిది మందీ ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకుంటూ, చిన్న పుస్తకాల్లో ఏదో రాసుకుంటున్నారు. నేను గుమ్మంలోకి వస్తే ఒక్కరు తలెత్తలేదు. మా ఫ్లీస్‌లోకి కొత్తమనిషి వస్తే మొదటి గుక్క గొంతు దిగేలోపు మూడు తరాల చరిత్ర లాగేస్తారు.

టానిక్ వాటర్ అడిగాను. కౌంటరు వెనక నుంచి తిరిగిన మొహం నాకు తెలిసిందే. పసుపుపచ్చ వానకోటు ఆవిడ.

"మీరు ఫ్లీస్ నుంచి కదూ!" అంది ఇమోజెన్. దాపరికం లేని మొహం, అదే నాకు మరీ నచ్చలేదు. "మీరే వచ్చారా! మంచిదైంది. రోలండ్ ఇంకా ఏమీ తేల్చలేదు. మీరైనా చెప్పండి."

"ఏం తేల్చాలి?"

"చెప్పలేదా? మా నేలమాళిగ మనిషి ఆగస్టుతో మానేస్తున్నాడు. ఆ పని రోలండ్‌ని తీసుకోమన్నాను. వారమంతా, పూర్తిగా ఆయన చేతికే. అంత శుభ్రంగా పీపా ఉంచేవాడిని నేను ఈ జిల్లాలో చూడలేదండీ. ఆ బిట్టర్, మొదట చేదు, ఆనక ఎండుగడ్డి వాసన… మీకు నేను చెప్పాలా, రోజూ తాగేవారు."

"నేను బీరు తాగను" అన్నాను.

"అయ్యో" అంది.

ఎగతాళిగా అని ఉంటే తిరిగి అనేదాన్ని. నిజంగా జాలిపడింది. ఆ జాలి భరించలేక టానిక్ సగం వదిలేసి వచ్చేశాను. బస్సులో నా బుర్రంతా ఒకటే లెక్క. పీపా ఒక్కోటి నాకంటే బరువు, నేలమాళిగ పద్నాలుగు మెట్లూ దింపి, దిమ్మె మీదికెత్తడం నావల్ల కాదు. రోలండ్ పోతే ఫ్లీస్ పోతుంది. ఇంతకీ నాకు పబ్బు పోతుందన్న బెంగ ముందొచ్చిందా, మనిషి పోతాడన్న బెంగ ముందొచ్చిందా అంటే, నిజం చెప్పాలి కనక చెప్తున్నాను, ఆ రెండూ కాదు. నాకు తెలియనిదేదో ఆవిడకి తెలుసన్నదే ముందొచ్చింది.

"పన్నెలా ఉంది?" అన్నాడు రోలండ్ ఆ సాయంత్రం.

"పీకెయ్యాల్సి రావచ్చుట" అన్నాను. అతను చెప్పలేదు, నేను అడగలేదు. నెల రోజులు అలాగే, ఒకరి ఎదురుగా ఒకరం ఉప్పుడబ్బా అందించుకుంటూ గడిపాం.

జూలై రెండో శనివారం పొద్దున్న పదిన్నరకి రోలండ్ గ్లాసు కిటికీకెత్తాడు. అవతలి చర్చి గోపురం అందులోంచి కనిపించేంత తేటగా ఉంది. "చూడు గ్లెనిస్" అన్నాడు.

"చూశాన్లే."

పైకి పోయి చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. పెళ్ళయి పాతికేళ్ళు నిండినప్పుడు నేను కొన్న టై కట్టుకున్నాడు. ఆ టై మా వదిన అంత్యక్రియలకి కూడా బీరువాలోంచి తియ్యలేదు మహానుభావుడు.

"స్టేషను దగ్గర వాళ్ళని కలుసుకుని తీసుకొస్తాను" అన్నాడు గుమ్మంలో. "అన్నట్టు, ఇమోజెన్ కూడా వస్తానంది. మార్కులకి కాదులే, ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికే" అని జుట్టు సవరించుకుంటూ వెళ్ళాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. గుడ్డ విసిరేసి పద్నాలుగు మెట్లూ దిగాను. ఏళ్ళ తర్వాత దిగడం. కొత్త సున్నం వాసన, చల్లదనం. దిమ్మె మీద బిట్టర్ పీపా తడిగోనె కప్పుకుని పడుకున్న బిడ్డలా ఉంది. సగం ఖాళీ అయిన పీపాని వెనక నుంచి కొంచెం ఎత్తి, చెక్కముక్క పెట్టి ఉంచుతారు, అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా. దాన్ని కదిపితే ఆ రోజుకి బీరు పనికిరాదు. బీరు ముట్టని నాక్కూడా తెలుసు. మా అమ్మ నాకు నడక నేర్పినప్పుడే పీపాని తాకకూడదని నేర్పింది.

చెక్క లాగేశాను.

పీపా ధబ్బున వెనక్కి కూలబడింది. లోపల బీరు గిరగిరా తిరగడం వినిపించింది. చెక్కని దిమ్మె కింద పడేసి పైకొచ్చాను. ఎన్నిస్ కిటికీ పక్కన పేపరులోంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఏదో పడ్డట్టుందే, అమ్మాయ్."

"చీపురు" అన్నాను.

"ఓహో" అన్నాడు.

పన్నెండింటికి వీధంతా ఫ్లీస్‌లోనే ఉంది. డోరీన్ మాంసం కూరి కాల్చిన పై రొట్టె చేసి తెచ్చింది, ఏకంగా ముత్యాల దండ వేసుకుని మరీ. మాల్కమ్, సంఘంవాళ్ళు నలుగురు, వెనకాల ఇమోజెన్, అందరికంటే ముందు రోలండ్, పెళ్ళికొడుకులా వచ్చారు.

"ఆరు హాఫ్‌లండీ, బిట్టర్" అన్నాడు మాల్కమ్.

పంపు లాగాను. గ్లాసులోకి దిగింది కుడితి నీళ్ళు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. రోలండ్ కౌంటరు అవతల నుంచి చూశాడు.

"ఆపు, గ్లెనిస్" అన్నాడు మెల్లిగా.

అప్పటికే మాల్కమ్ ఒకటి ఎత్తి కిటికీ వైపు పట్టాడు. అప్పుడు కుర్చీ కిర్రుమంది. ఎన్నిస్ కర్ర ఊతంతో లేచి వచ్చి, ఖాళీ పింట్ గ్లాసు కౌంటరు మీద పెట్టాడు.

"నాకు పొయ్యమ్మాయ్. అదే."

"వద్దు ఎన్నిస్" అన్నాడు రోలండ్. "ఏదో అయింది. పక్క పంపులో మైల్డ్ ఏల్ తీసుకో."

"నీ సలహా అడిగానటయ్యా?"

పోశాను. ఎన్నిస్ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "బాగుంది" అన్నాడు సంఘంవాళ్ళ మొహాల్లోకి చూస్తూ.

"నాకూ ఓ పింట్ పొయ్యవే" అంది డోరీన్. జన్మలో షెర్రీ వైను తప్ప ముట్టని మనిషి. ఆమె వెనకాల ఇంకొకరు, వాళ్ళ వెనకాల ఇంకొకరు. పదకొండు పింట్లు పోశాను ఆ బురద. పదకొండు మందీ తాగారు. "దివ్యంగా ఉంది", "దీని దుంపతెగ, ఇదీ బీరంటే" అంటూ. నా చేతులు పంపు మీద పనిచేస్తూనే ఉన్నాయి గానీ కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇమోజెన్ ఒక్క గుక్క తాగింది. గ్లాసుని కౌంటరు మీద పెట్టి, రెండు వేళ్ళతో రోలండ్ వైపు వెనక్కి తోసింది.

"ఇది మీ బీరు కాదు, రోలండ్" అంది. అంతే, వెళ్ళిపోయింది.

మాల్కమ్ పాపం మర్యాదస్తుడు. "ఒక్కోసారి అవుతుంటుంది" అంటూ పుస్తకంలో ఏదో రాసుకుని, డోరీన్ తెచ్చిన పై రొట్టెని మెచ్చుకుని స్టేషనుకి బయల్దేరాడు. రోలండ్ కిందికి వెళ్ళి చాలాసేపటికి పైకొచ్చాడు. అరచేతిలో చెక్కముక్క.

"జారింది" అన్నాడు. "సరిగ్గా తొయ్యలేదు కాబోలు. నా చెయ్యే." ఆ చేతిని తిప్పి చూసుకున్నాడు. నేను తేలుకుట్టిన దొంగలా గ్లాసులు కడుగుతూ నిలబడ్డాను.

మర్నాడు వంటింట్లో అన్నాడు, "వాళ్ళు అంత ప్రేమగా తాగారు కదా, నాకెందుకు ఏడుపొచ్చిందో తెలుసా?"

"ఎందుకు?"

"బురద పోసినా బాగుందన్నారు. అయితే ఇన్నేళ్ళూ నేను పోసింది మంచిదని వాళ్ళకి తెలిసే తాగారా, ఏది పోసినా తాగేవాళ్ళేనా? ఆవిడొక్కతే గ్లాసు వెనక్కి పెట్టింది, గ్లెనిస్. అంతమందిలో ఆవిడొక్కతే నన్ను గౌరవించింది."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

హెరన్ సంగతి అప్పుడు తనంతట తనే చెప్పాడు. శుక్రవారం లోపల జవాబు చెప్పాలట. వద్దని చెప్పేస్తానన్నాడు. చెక్కముక్క పెట్టడం చేతకాని వాడికి ఆ నేలమాళిగ ఎందుకన్నాడు. మనకి కూడా ఇంకెవరినైనా చూసుకుంటే మంచిదేమో అన్నాడు.

గెలిచాను. నా మొగుడు నాకు దక్కాడు. సోమవారం డోరీన్ గేటు బాగుచేశాడు, మంగళవారం మా మెట్ల కమ్మీలకి రంగు వేశాడు. ఈల లేదు. పదిన్నరకి కౌంటరు దగ్గరికి రాలేదు. బిట్టర్ తప్ప మిగతా పంపులు నేనే లాగి మొదటిది పారబోశాను. కిటికీ వెలుగు ఖాళీగా బల్ల మీద పడింది. ఇన్నేళ్ళూ విసుక్కున్న "చూడు గ్లెనిస్" కోసం నా చెవులు ఎదురుచూడటం నాకే వింతగా ఉంది.

గురువారం పొద్దున్న ఎన్నిస్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ శనివారం పింటు ఉందే అమ్మాయ్, రెండ్రోజులు కడుపు పాడుచేసింది."

"మరి బాగుందన్నావుగా."

"వాళ్ళతో అన్నాను. రోలండ్ చేతి బీరు నలభై వేల పింట్లు తాగి ఉంటాను. అది బురదని గ్లాసు అందుకోకముందే తెలుసు. పరాయివాడు పోసి ఉంటే మొహాన కొట్టి పోయేవాళ్ళం. మనవాడు కాబట్టి మింగాం." కర్ర మీద గడ్డం ఆనించాడు. "చీపురు బాగా బరువైందనుకుంటా, అంత చప్పుడైందంటే."

ఎన్నిస్ పేపరు మళ్ళీ విప్పుకున్నాడు.

రోలండ్ పెరట్లో ఖాళీ పీపాలు కడుగుతున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. చెప్తే చెయ్యి బాగుందని తెలుస్తుంది. చెయ్యి బాగుందని తెలిస్తే హెరన్‌కి పోతాడు. తెలిసే వెళ్ళాను.

"చెక్క జారలేదు" అన్నాను. "నేనే లాగేశాను."

నీళ్ళ గొట్టం చేతిలోంచి రాళ్ళ మీద కారుతూనే ఉంది.

"ఎందుకు?"

"వెళ్ళిపోతావని."

"వెళ్ళిపోతానని నేనన్నానా?"

"వెళ్ళనని కూడా అనలేదుగా."

"అనలేదు" అన్నాడు. గొట్టం కట్టేశాడు. "వెళ్ళాలనిపించింది, గ్లెన్. అబద్ధమెందుకు. నిన్ను వదిలి కాదు. నేను చేసేదేమిటో చూసేవాళ్ళ దగ్గరికి. ఇరవై ఆరేళ్ళు రోజూ నీకు గ్లాసు చూపించాను. ఒక్కసారి తాగావా?"

తిట్టి ఉంటే బాగుండేది. నా పక్కనుంచే లోపలికి వెళ్ళాడు, మెట్లు దిగిన చప్పుడు, మళ్ళీ ఎక్కిన చప్పుడు. నేను లోపలికి వచ్చేసరికి కౌంటరు దగ్గర పంపు పట్టుకుని ఉన్నాడు. మొదటిది పారబోశాడు. రెండోది కిటికీకి ఎత్తాడు. అయిదు రోజులు ఎవరూ ముట్టని పీపా తనంతట తనే తేరుకుంది, చర్చి గోపురం కనిపించింది. గ్లాసు నా ముందు పెట్టాడు.

"వారం కావస్తోంది. జీవం తగ్గి ఉంటుంది, అమ్మేదైతే కాదు" అన్నాడు. "అయినా తాగు."

తాగాను. మొదట చేదు. మొహం చిట్లించబోయాను గానీ, చేదు వెళ్ళిపోయి వెనక ఇంకేదో మిగిలింది. కోత కోసిన పొలం పక్కనుంచి నడుస్తున్నప్పుడు వచ్చే వాసన. నా నేల కింద, నా కాళ్ళ కింద ఇన్నేళ్ళూ ఇది ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందని డోరీన్ కూడా అంది, ఆ బురదని. సరిగ్గా చెప్పు."

మాటల కోసం వెతుక్కున్నాను. "మొదట చేదుగా ఉంది. తర్వాత… ఎండుగడ్డి."

రోలండ్ మొహం వికసించింది. "అచ్చం ఇమోజెన్ కూడా అదే అంది!"

ఆ గ్లాసు ఎత్తి ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది. పొయ్యలేదు. అంత మంచి బీరు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఆ శుక్రవారం రోలండ్ హెరన్‌కి ఫోను చేసి, వారమంతా కుదరదు, మంగళవారం, శుక్రవారం పొద్దుటి పూటలైతే వస్తానన్నాడు. ఆవిడ సరేనంది. హెరన్ గోడ మీద ఇంకో రెండు పలకలు వచ్చాయి, ఆ రెండూ మా ఆయన చేతివే. ఫ్లీస్ మళ్ళీ ఎప్పుడూ ఆఖరి నాలుగింటి దాకా వెళ్ళలేదు. మా గోడకి మేకులు మాత్రం పెరిగాయి, ఇప్పుడు పంతొమ్మిది తాళంచెవులు.

నేను మారానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మంగళవారం వచ్చిందంటే ఇప్పటికీ నాకు కడుపులో మంటే. థోర్న్‌బెక్ బస్సు పదీ నలభైకి మా మలుపు దగ్గర ఆగుతుంది. రోలండ్ టోపీ పెట్టుకుని, కోటు వేసుకుని, పదిన్నరకి గ్లాసు కిటికీకెత్తి చూసి నాకిచ్చి నిలబడతాడు. నేను తాగి ఎలా ఉందో చెప్పందే గుమ్మం దాటడు. కొండ దిగువన బస్సు మూలుగు వినిపిస్తుంది. "త్వరగా, గ్లెన్" అంటాడు.

ఒక్కో గుక్కా తీరుబడిగా తాగుతాను.